నలుగురికి ఒక మౌస్: బడిలో కంప్యూటర్ పీరియడ్ నిర్వహణపై సమీక్ష

40 మంది పిల్లలు, పనిచేసే కంప్యూటర్లు 10, పీరియడ్ 45 నిమిషాలు. మన ప్రభుత్వ హైస్కూళ్లలో చాలామంది కంప్యూటర్ టీచర్ల లెక్క ఇంచుమించు ఇలాగే మొదలవుతుంది. తరగతి నుంచి ల్యాబ్‌కి నడిచి రావడం, గుమ్మం దగ్గర చెప్పులు విప్పడం, చోటు వెతుక్కోవడం, సిస్టమ్ ఆన్ అయ్యేదాకా ఆగడం, ఇవన్నీ కలిపి 8 నిమిషాలు అనుకుందాం. చివర్లో ఫైలు సేవ్ చేసి, షట్‌డౌన్ చేసి, కుర్చీలు సర్దడానికి 5 నిమిషాలు. మిగిలింది 32. ఒక్కో కంప్యూటర్ దగ్గర నలుగురు కాబట్టి ఒక్కొక్కరి చేతికి మౌస్ దొరికేది 8 నిమిషాలు. తక్కిన 24 నిమిషాలు ఆ పిల్ల ఏం చేయాలి? ఆ పిల్లవాడు ఏం చేయాలి?

కంప్యూటర్ తరగతిని అదుపులో పెట్టడం గురించి పరిశోధకులు చెప్పినవి, ప్రభుత్వాలు చేసినవి, టీచర్లు తమంతట తాము కనిపెట్టినవి చాలానే ఉన్నాయి. వాటన్నిటినీ ఈ 24 నిమిషాల పక్కన పెట్టి చూడాలని ఈ వ్యాసం ప్రయత్నం. ల్యాబ్‌లో మనం అల్లరి అని పిలిచేదాంట్లో ఎక్కువ భాగం ఖాళీ కూర్చోబెట్టడం వల్ల పుడుతుందని నా నమ్మకం. మౌస్ కోసం ఎదురుచూపు, సారు రావాలని ఎదురుచూపు, ఆగిపోయిన తెర కదలాలని ఎదురుచూపు. పదమూడేళ్ల పిల్లల్ని చేతిలో పని లేకుండా, కళ్ల ముందు మెరిసే తెరతో కూర్చోబెట్టి కదలొద్దంటే వాళ్లు కదలకుండా ఉండలేరు.

ఈ లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో ముందు చూడాలి. 1984లో కేంద్ర ప్రభుత్వం క్లాస్ అనే పథకం కింద ఎంపిక చేసిన కొన్ని బడులకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు పంపింది. 2004 డిసెంబరులో ఐసీటీ పథకం వచ్చాక బడికి పది కంప్యూటర్లు అన్న కొలత స్థిరపడింది. 2018లో అది సమగ్ర శిక్షలో కలిసింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో 5000 ఉన్నత పాఠశాలల్లో ల్యాబులు పెట్టే పెద్ద కార్యక్రమం మొదలైంది. ప్రైవేటు సంస్థలు ల్యాబ్ కట్టి, ఐదేళ్లు నడిపి, ఆ తర్వాత బడికి అప్పగించాలి. కాంట్రాక్టు మీద ఇన్‌స్ట్రక్టర్లు వచ్చారు. ఖర్చు తగ్గించుకోవడానికి ఒకే సీపీయూకు అనేక మానిటర్లు, కీబోర్డులు తగిలించే ఏర్పాటు వాడారు. కాగితం మీద అది తెలివైన పొదుపే. కానీ తరగతి నడిపేవాళ్ల వైపు నుంచి చూడండి. విడి కంప్యూటర్ పాడైతే నలుగురికి పని ఆగుతుంది. ఉమ్మడి సీపీయూ మొరాయిస్తే దానికి తగిలించిన తెరలన్నీ ఒక్కసారే ఆగిపోతాయి. యంత్రాలు కొనే దశలో జరిగిన నిర్ణయం పీరియడ్ మధ్యలో గొడవై టీచరు ముందుకు వస్తుంది. ఐదేళ్లు గడిచాక కాంట్రాక్టులు ముగిశాయి, ఇన్‌స్ట్రక్టర్లు వెళ్లిపోయారు, ఎన్నో బడుల్లో ల్యాబ్ తలుపుకు తాళం పడింది.

దేశం మొత్తం మీద బడుల వివరాలు సేకరించే ప్రభుత్వ వ్యవస్థ యూడైస్ ప్లస్ లెక్కల్లో 2023-24లో పనిచేసే కంప్యూటర్లున్న బడులు 57.2 శాతం. 2024-25కి అది 64.7 శాతానికి చేరింది. సంతోషించదగ్గ పెరుగుదలే. కానీ ఈ అంకెలు బడిలో కంప్యూటర్ ఉందో లేదో చెబుతాయి, ఒక కంప్యూటర్ ముందు ఎంతమంది కూర్చుంటున్నారో చెప్పవు. టీచరుకు కావలసింది ఆ రెండో అంకె. విద్యాహక్కు చట్టం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు 35 మందికి ఒక ఉపాధ్యాయుడు ఉండాలంది. ఎంతమంది పిల్లలకు ఒక కంప్యూటర్ ఉండాలో అది చెప్పలేదు.

ఇక పరిశోధకుల మాట. తరగతి నిర్వహణ మీద ఇప్పటికీ అందరూ తిరిగి చూసే పుస్తకం అమెరికా పరిశోధకుడు జేకబ్ కౌనిన్ 1970లో ప్రచురించినది. ఆయన తరగతుల్ని వీడియో తీసి చూశాడు. పిల్లలు అల్లరి చేసినప్పుడు టీచరు ఎలా మందలిస్తే ఫలితం ఉంటుందో తేల్చాలని ఆయన ఉద్దేశం. మందలించే తీరుకూ తరగతి క్రమానికీ చెప్పుకోదగ్గ సంబంధమే కనిపించలేదు. బాగా నడిచే తరగతుల్లో టీచర్లు అల్లరి మొదలయ్యే ముందే పనిచేస్తున్నారు. గదిలో ఏ మూల ఏం జరుగుతోందో తమకు తెలుసన్న సంగతి పిల్లలకు తెలిసేలా మసలుకుంటున్నారు. ఒకరితో మాట్లాడుతూనే ఇంకొకరి మీద చూపు ఉంచుతున్నారు. అన్నిటికంటే ముఖ్యంగా, పాఠం ఊపు తగ్గనివ్వడం లేదు. కౌనిన్ చూసినవి మామూలు తరగతులు, కంప్యూటర్లు లేని కాలం. అయినా ఊపు గురించి ఆయన చెప్పింది కంప్యూటర్ ల్యాబ్‌కే ఎక్కువ వర్తిస్తుంది. ఎందుకంటే ఊపును ఆపేసే సాధనాలు మన గదిలో పది ఉన్నాయి.

గది మొత్తం మీద చూపు ఉండాలన్నప్పుడు బల్లలు ఎలా వేశారన్నది పెద్ద విషయం. సినిమాహాల్లో సీట్లలా వరసలు వేసి, మానిటర్ల వెనకభాగం టీచరుకు కనిపించేలా పెట్టిన ల్యాబులు ఎన్నో. అక్కడ టీచరుకు పిల్లల నుదుళ్లు తప్ప ఏమీ కనిపించవు. మూడు గోడల వెంట బల్లలు వేసి, తెరలు గది మధ్యకు తిప్పితే, మధ్యలో నిలబడి ఒక్కసారి చుట్టూ తిరిగితే చాలు, పది తెరలూ కనిపిస్తాయి. ప్లగ్గులు ఎలాగూ గోడలకే ఉంటాయి కాబట్టి వైర్లు కాళ్లకు తగలవు. పాఠం చెప్పేటప్పుడు మాత్రం కుర్చీలు మధ్యకు తిప్పించాలి. తెరకు వీపు పెట్టి కూర్చున్న పిల్లలు తెర చూడరు, మౌస్ పట్టుకోరు. డబ్బు ఖర్చు లేని మార్పుల్లో దీన్ని మించింది నాకు కనిపించలేదు. గది ఇరుకైతే, లేదా బల్లలు నేలకు బిగించేసి ఉంటే, టీచరు వెనక నుంచి పాఠం నడపడమే మేలు.

మొదటి ఎనిమిది నిమిషాలను తగ్గించే ఉపాయాల మీద పెద్ద పరిశోధన అక్కర్లేదు. మంచి టీచర్లందరూ చేసేవే. కంప్యూటర్లకు పెయింటుతో నంబర్లు వేయడం, రోల్ నంబరును బట్టి ఏడాది పొడవునా అదే చోటు ఇవ్వడం, ఇద్దరు లీడర్లను రెండు నిమిషాలు ముందు పంపి సిస్టమ్‌లు ఆన్ చేయించడం, చెప్పులకు తరగతి వారీగా గీసిన గళ్లు. గుమ్మం దగ్గర చెప్పుల తొక్కిసలాట చిన్నదిగా కనిపిస్తుంది కానీ, అక్కడ మొదలైన తోపులాట లోపల మౌస్ దాకా వస్తుంది. బోర్డు మీద ఆ రోజు పని ముందే రాసి ఉంటే లోపలికొచ్చిన మొదటివాడు చివరివాడి కోసం ఎదురుచూడడు.

మౌస్ దగ్గరికి వద్దాం. ఇక్కడ ఆగి మాట్లాడాలి, ఎందుకంటే అసలు కష్టం ఇదే. "టీచర్, వీడు నాకు ఇవ్వట్లేదు" అన్న ఫిర్యాదు వినని కంప్యూటర్ టీచరు ఉండరు. నలుగురిని ఒక తెర ముందు వదిలేస్తే ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. ఇంట్లో ఫోను, కంప్యూటర్ అలవాటున్నవాడు మౌస్ పట్టుకుంటాడు. అబ్బాయిలు, అమ్మాయిలు కలిసి కూర్చున్న చోట చాలాసార్లు అబ్బాయి చేతిలోనే ఉంటుంది. నెమ్మదస్తులైన పిల్లలు చూస్తూ కూర్చుంటారు, చూస్తూనే ఏడాది గడిపేస్తారు. వాళ్లు అల్లరి చేయరు కనుక టీచరు కంట పడరు. నిశ్శబ్దంగా ఉన్న ల్యాబ్‌లో కూడా అన్యాయం నడుస్తూ ఉండొచ్చు.

సాఫ్ట్‌వేర్ కంపెనీల నుంచి వచ్చిన ఒక పద్ధతి దీనికి పనికొచ్చింది. ఇద్దరు ప్రోగ్రామర్లు ఒకే కంప్యూటర్ ముందు కూర్చుని పనిచేస్తారు. ఒకరు టైప్ చేస్తారు, రెండోవారు తర్వాత ఏం చేయాలో చెబుతూ, తప్పులు పట్టుకుంటూ ఉంటారు. కొంతసేపటికి స్థానాలు మారతారు. అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్ర విశ్వవిద్యాలయంలో లారీ విలియమ్స్ వంటివారు దీన్ని చదువులోకి తెచ్చి పరిశీలించారు. విద్యార్థులు జంటగా పనిచేస్తే నష్టం లేదని, పైగా కోర్సు వదిలేసేవాళ్లు తగ్గుతారని ఆ పరిశోధనల్లో కనిపించింది. కానీ అవి కాలేజీ విద్యార్థుల మీద జరిగినవి, జంటల మీద జరిగినవి. మన దగ్గర జంట లేదు, నలుగురున్నారు. కాబట్టి నలుగురికీ నాలుగు పనులు కావాలి. ఒకరి చేతిలో మౌస్, కీబోర్డు. ఒకరు నోటితో చెప్పాలి, చేత్తో తాకకూడదు. ఒకరు నోట్‌బుక్‌లో ఏ మెనూలో ఏది నొక్కారో రాయాలి. నాలుగో పిల్ల తర్వాతి పని కాగితం మీద సిద్ధం చేసుకోవాలి. 8 నిమిషాలకు ఒకసారి టీచరు గంట కొట్టగానే అందరూ ఒక కుర్చీ పక్కకు జరగాలి. గంట టీచరు చేతిలో ఉండడం ముఖ్యం. పిల్లల్లో పిల్లలే చూసుకుంటారులే అని వదిలేస్తే గట్టివాడిదే రాజ్యం.

పిల్లల్ని వాళ్లకే వదిలేస్తే నేర్చుకుంటారన్న వాదన కూడా బలంగా వినిపించింది. 1999లో ఢిల్లీ కాల్కాజీలో పరిశోధకుడు సుగతా మిత్రా ఒక గోడలో కంప్యూటర్ అమర్చి, బస్తీ పిల్లలు టీచరు లేకుండా దాన్ని ఎలా వాడుకుంటారో చూశాడు. వాళ్లు త్వరగానే నేర్చుకున్నారన్న కథ ప్రపంచమంతా తిరిగింది. ఆ తర్వాత 2010లో పరిశోధకురాలు పాయల్ అరోరా వంటివారు ఆ ప్రయోగం మీద గట్టి ప్రశ్నలు లేవదీశారు. అరోరా వెళ్లి చూసిన చోట్ల అలా పెట్టిన గోడ కంప్యూటర్ కేంద్రాలు కొనసాగలేదు. గోడ ముందు బలమున్నవాళ్లు ముందుకొస్తే వెనక మిగిలేది ఎవరన్న ప్రశ్న కూడా ఈ చర్చలో పదేపదే వచ్చింది. పిల్లల ఉత్సాహం మీద మిత్రా పెట్టిన నమ్మకం నాకూ ఉంది. కానీ ల్యాబ్‌లో టీచరు ఎందుకు ఉండాలో ఆ గోడే చెబుతోంది. వరస ఎవరిదో చూడడానికి, వెనకబడిన పిల్లను ముందుకు తేవడానికి ఒక మనిషి కావాలి.

మౌస్ తర్వాత పెద్ద ఎదురుచూపు టీచరు కోసం. "సార్, నాది రావట్లేదు" అన్న మాట పది మూలల నుంచి ఒకేసారి వస్తుంది. ఒక్కో కంప్యూటర్‌కు మూడు నిమిషాలు ఇచ్చినా పదో కంప్యూటర్ దగ్గరికి చేరేసరికి పీరియడ్ దాదాపు అయిపోతుంది. ఈలోపు చేతులెత్తి నిలబడ్డవాళ్ల పని ఆగి ఉంటుంది. సాఫ్ట్‌వేర్ కార్పెంట్రీ అనే వర్క్‌షాపుల్లో రెండు రంగుల అంటింపు కాగితాలు వాడతారు. పని బాగా నడుస్తుంటే ఒక రంగు, ఎక్కడైనా చిక్కుకుంటే ఇంకో రంగు మానిటర్‌కు అంటిస్తారు. చెయ్యి ఎత్తి అరవక్కర్లేదు, పని ఆపక్కర్లేదు. మన బడుల్లో అట్టముక్కకు ఒకవైపు ఎరుపు, ఇంకోవైపు ఆకుపచ్చ రంగు వేసి మానిటర్ మీద నిలబెడితే చాలు. దానికి ఒక నియమం తోడవ్వాలి. ఎరుపు పెట్టే ముందు తెర మీద వచ్చిన సందేశం గట్టిగా చదవాలి, పక్క బల్లను ఒకసారి అడగాలి. తెర మీద సందేశం ఇంగ్లీషులో ఉంటుంది. చాలామంది పిల్లలు దాన్ని చదవకుండానే ఓకే నొక్కేస్తారు. తరచూ వచ్చే పదిహేను ఇరవై సందేశాలకు తెలుగులో అర్థం రాసి గోడకు అంటిస్తే టీచరుకు సగం పరుగు తప్పుతుంది.

పిల్లలే పిల్లలకు సాయం చేసే ఏర్పాటును పెద్ద ఎత్తున చేసి చూపింది కేరళ. 2001లో ఐటీ ఎట్ స్కూల్ పేరుతో మొదలైన అక్కడి కార్యక్రమం ఇప్పుడు కైట్ అనే ప్రభుత్వ సంస్థగా నడుస్తోంది. బడికొక ఐటీ సమన్వయకర్తను అక్కడి టీచర్లలో నుంచే తయారు చేశారు, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాడారు. 2018లో లిటిల్ కైట్స్ అనే విద్యార్థి క్లబ్బులు పెట్టారు. అభిరుచి పరీక్ష పెట్టి పిల్లల్ని ఎంచుకుని, శిక్షణ ఇచ్చి, బడిలోని పరికరాల సంరక్షణలో, తోటివాళ్లకు నేర్పడంలో భాగస్తుల్ని చేశారు. టీచర్ను కాంట్రాక్టు సంస్థ నుంచి తెచ్చుకోకుండా బడి లోపలే తయారు చేసుకోవడం అక్కడి బలం. మన రెండు రాష్ట్రాల్లో స్వేచ్ఛ సంస్థ వంటివి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను, కంప్యూటర్ చదువును బస్తీల దాకా తీసుకెళ్లాయి. బడి వ్యవస్థ దాన్ని తనదిగా చేసుకుని ఉంటే బాగుండేదని నాకు అనిపిస్తుంది. లీడర్ల పద్ధతిలో ఒక ప్రమాదం ఉంది. సాయానికి వచ్చిన లీడర్ మౌస్ లాక్కుని రెండు క్లిక్కుల్లో పని ముగించేస్తాడు. అవతలి పిల్లకు ఏమీ అర్థం కాదు. లీడర్ చేతులు వెనక్కి కట్టుకుని నోటితోనే చెప్పాలన్న నియమం పెట్టాలి. ఈ నియమం టీచరుకు కూడా. విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలో చేసిన పరిశీలనలో టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారని తేలింది. ఆ విరామం మూడు సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పెరిగాయి, మెరుగయ్యాయి. తన చేత్తో మౌస్ పట్టుకోకుండా మూడు సెకన్లు ఆగడం ల్యాబ్‌లో ఇంకా కష్టం. కానీ ఆగాలి.

కంప్యూటర్ లేకుండా కంప్యూటర్ పాఠం చెప్పే దారి కూడా ఉంది. న్యూజిలాండ్‌లో టిమ్ బెల్, తన సహచరులు ఇయాన్ విటెన్, మైక్ ఫెలోస్‌తో కలిసి 1990లలో తయారు చేసిన అన్‌ప్లగ్డ్ పాఠాలు కార్డులతో, తాళ్లతో, నేల మీద గీతలతో నడుస్తాయి. ఐదు కార్డుల మీద 1, 2, 4, 8, 16 చుక్కలు వేసి, ఐదుగురు పిల్లల్ని వరసగా నిలబెట్టి, కార్డులు తిప్పిస్తూ బైనరీ నేర్పవచ్చు. మన లెక్కకు ఇది ఎలా సరిపోతుందో చూడండి. సగం మంది వరండాలో లేదా గది మధ్యలో కార్డులతో, సగం మంది కంప్యూటర్ల దగ్గర. అప్పుడు కంప్యూటర్‌కు ఇద్దరే అవుతారు. 16 నిమిషాలకు మారతారు. ఒక్కొక్కరి మౌస్ సమయం పెరగకపోయినా, ఖాళీగా ఎదురుచూసే సమయం అట్టకార్డులతోనే బాగా తగ్గుతుంది. ఒకే టీచరు రెండు గుంపుల మీద చూపు ఉంచడం మాత్రం తేలిక కాదు. వరండా గుంపు పని రాతపూర్వకంగా, స్పష్టంగా ఉండకపోతే గోల అక్కడే మొదలవుతుంది. కరెంటు పోయినప్పుడు కూడా ఈ కార్డులే ఆదుకుంటాయి. యూపీఎస్ బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో టీచరుకు నిమిషాల్లో తెలిసి ఉండాలి. అది కూత పెట్టగానే సేవ్, షట్‌డౌన్, కార్డులు బయటికి. ఈ మూడూ పిల్లలకు అలవాటైపోవాలి.

పాఠం కట్టే తీరు గురించి ఇంగ్లండ్‌లో స్యూ సెంటెన్స్, ఆమె సహచరులు ఒక క్రమం చెప్పారు. ప్రోగ్రామ్‌ను ముందు చదివి ఏం జరుగుతుందో ఊహించాలి, తర్వాత నడిపి చూడాలి, లోపలికి వెళ్లి పరిశీలించాలి, కొద్దిగా మార్చాలి, చివరికి సొంతంగా రాయాలి. స్క్రాచ్ చెప్పినా పైథాన్ చెప్పినా ఇది పనికొస్తుంది. మొదటి మెట్టు కాగితం మీదే జరుగుతుంది కాబట్టి అక్కడ ఎవరికీ మౌస్ అక్కర్లేదు, ఖాళీ లేదు. ఖాళీ తెర ముందు కూర్చోబెట్టి రాయమంటే అందరూ ఒకేచోట చిక్కుకుంటారు, ఎరుపు కార్డులు పది ఒకేసారి లేస్తాయి. నిర్వహణలో సగం పాఠం రాసుకునే రాత్రే జరిగిపోతుందని ఇలాంటివి చూసినప్పుడు తెలుస్తుంది. జాతీయ విద్యావిధానం 2020 మధ్య దశలోనే, అంటే ఆరో తరగతి నుంచి, కోడింగ్ పనులు ఉండాలంది. పిల్లల సంఖ్యకు తగిన పాఠ్యప్రణాళిక ఇవ్వకుండా ఆ మాట అమలు చేయమంటే బరువంతా టీచరు మీదే పడుతుంది.

నిఘా సాఫ్ట్‌వేర్ గురించి క్లుప్తంగా. వేయాన్, ఎపోప్టీస్ వంటి ఉచిత సాధనాలతో టీచరు తన కంప్యూటర్ నుంచే అందరి తెరలు చూడవచ్చు, ఒక్క నొక్కుతో లాక్ చేయవచ్చు, తన తెరను అందరికీ చూపవచ్చు. తెర చూపడానికి, పాఠం చెప్పేటప్పుడు లాక్ చేయడానికి ఇవి చాలా మంచివి. కాపలాకు మాత్రం నేను వీటి వైపు మొగ్గు చూపను. టీచరు తన కుర్చీలో కూర్చుని నలభై మందిని తెరలో చూడటం మొదలుపెడితే బల్లల మధ్య నడవడం మానేస్తారు. పిల్ల ముఖంలో కనిపించే తికమక తెర మీద కనిపించదు. ఇంకో సంగతి. తెరను రహస్యంగా చూడకూడదు, చూస్తామని పిల్లలకు ముందే చెప్పాలి. వాళ్ల ఫొటోలు, పాస్‌వర్డులు, వివరాల విషయంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారందరినీ పిల్లలుగానే చూస్తుంది, తల్లిదండ్రుల అనుమతి అడుగుతుంది. బడి కూడా ఆ జాగ్రత్త పాటించాలి. గేములు ఆడినవాడితో గుంజీలు తీయించడం, తరగతి ముందు అతన్ని అవమానించడం విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించిన పనులు. గేము ఆడుతున్నాడంటే చాలాసార్లు పని త్వరగా అయిపోయిందని అర్థం. అలాంటివాడి కోసం పక్కన ఇంకో కష్టమైన పని సిద్ధంగా ఉండాలి.

ఇన్ని పద్ధతుల్లో ఏదీ తాకని సమస్య ఒకటి మిగిలింది. అది పరిశోధన వ్యాసాల్లో అంతగా కనిపించదు, స్టాఫ్‌రూముల్లో రోజూ వినిపిస్తుంది. పాఠం మధ్యలో అటెండర్ వచ్చి "సార్, హెచ్ఎం గారు రమ్మంటున్నారు" అంటాడు. యూడైస్ వివరాలు అప్‌లోడ్ చేయాలి, ఈ రోజే ఆఖరు. లేదా స్కాలర్‌షిప్ దరఖాస్తులు, మధ్యాహ్న భోజనం లెక్కలు, ఆధార్ సరిపోలని పేర్లు. కంప్యూటర్ తెలిసినవారు బడిలో ఒక్కరే కాబట్టి ఆఫీసు పనంతా వాళ్ల నెత్తిన పడుతుంది. హెచ్ఎంను తప్పు పట్టలేం, పైనుంచి వచ్చే ఒత్తిడి అలాంటిది. కానీ టీచరు గది వదిలిన ఆ పది నిమిషాల్లో గంట కొట్టేవారుండరు, మౌస్ చేతులు మారదు, ఎరుపు కార్డులు అలాగే నిలబడి ఉంటాయి. తిరిగొచ్చాక మళ్లీ ఊపు తేవడానికి ఇంకో పది నిమిషాలు. కాంట్రాక్టు మీద పనిచేసే ఇన్‌స్ట్రక్టరైతే రానని అనలేరు. తరగతి నిర్వహణ శిక్షణలు ఎన్ని పెట్టినా, ఈ పిలుపు ఆగకపోతే వాటి ఫలితం గుమ్మం దగ్గరే ఆగిపోతుంది.

టైంటేబుల్ రాసేటప్పుడు హెచ్ఎం చేయగలిగినవి రెండున్నాయి, వాటికి పైనుంచి ఎవరి అనుమతీ అక్కర్లేదు. వారంలో విడివిడిగా ఇచ్చే రెండు కంప్యూటర్ పీరియడ్లను పక్కపక్కన జంటగా ఇవ్వడం మొదటిది. రెండు విడి పీరియడ్లలో రాకపోకలు, ఆన్, షట్‌డౌన్ తీసేస్తే 64 నిమిషాలు మిగిలితే, జంట పీరియడ్‌లో 77 మిగులుతాయి. ఒక్కొక్కరి చేతికి మౌస్ 19 నిమిషాలు వస్తుంది, అదీ ఒకే విడతలో, మొదలుపెట్టిన పని పూర్తి చేసుకునేంత. రెండోది, కంప్యూటర్ టీచరుకు రోజూ ఒక పీరియడ్ ఆఫీసు పనికని టైంటేబుల్‌లోనే రాసి పెట్టి, తక్కిన పీరియడ్లలో ల్యాబ్ తలుపు తట్టొద్దని ఆఫీసుకు చెప్పడం.